గ్లకోమా పక్కచూపుతోనే మొదలవ్వాలని లేదు

కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు గ్లకోమా గురించి తెలుగులో ఏ ఆరోగ్య పేజీ తిరగేసినా ఒకటే మాట. ఈ జబ్బు ముందు పక్కచూపును తినేస్తుంది, మధ్యచూపు చివరిదాకా నిలుస్తుంది అని. పక్కనే ఒక బొమ్మ: చుట్టూ కటిక నలుపు, నడుమ గుండ్రంగా కాస్త వెలుతురు. ఇది పూర్తిగా అబద్ధం కాదు. కానీ చాలామంది విషయంలో సగం నిజమే, ఆ సగం నిజం చేసే చేటు తక్కువేమీ కాదు. ‘పేపర్ చదవగలుగుతున్నాను, చార్టులో ఆఖరి వరస దాకా చెప్పేశాను, నాకేం భయం’ అనుకునే మనిషికి, జబ్బు చూపు నడిమధ్యనే పని మొదలుపెట్టి ఉండొచ్చన్న అనుమానం ఎక్కడినుంచి వస్తుంది?

చెన్నైలో ఈ మాట ఎత్తడానికి కారణం ఉంది. నెల్లూరు, సూళ్లూరుపేట, పుత్తూరు, చిత్తూరు వైపు వాళ్లకు కంటి జబ్బంటే మద్రాసు రైలెక్కడం తాతల నాటి అలవాటు. ఎగ్మోర్ ప్రభుత్వ కంటాసుపత్రి 1819లో మొదలైంది. శంకర నేత్రాలయ 1978లో వచ్చింది. ఊరు పేరు చెన్నై అయినా ‘కంటికి మద్రాసు తీసుకెళ్లాం’ అనే మాట మాత్రం మారలేదు. ఇక్కడి ఆసుపత్రుల వరండాల్లో పసుపు రంగు ఫైళ్లు పట్టుకుని కూర్చున్న పెద్దవాళ్లను కదిపితే కంటి ప్రెషర్, అంటే కంటి లోపలి ఒత్తిడి, ఎంతో అంకెతో సహా చెబుతారు. కంటి వెనక తెర లాంటి రెటీనా ఎలా ఉందో, ఏ భాగం పోయిందో మాత్రం చెప్పలేరు. వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు కూడా.

రెటీనా పని మూడు అంచెల్లో సాగుతుంది. వెలుతురును పట్టేవి దండాలు, శంకువులు. ఒక్కో కంట్లో దండాలు దాదాపు 12 కోట్లు, శంకువులు సుమారు 60 లక్షలు. వాటి సంకేతాన్ని బైపోలార్ కణాలు అందుకుని గాంగ్లియాన్ కణాలకు ఇస్తాయి. గాంగ్లియాన్ కణాలు మాత్రం పది పన్నెండు లక్షలే. కోట్ల కణాలు పట్టిన సమాచారమంతా ఆ కొద్ది లక్షల పోగుల్లోంచే మెదడుకు వెళ్లాలి. ఆ పోగులన్నీ కలిసిన కట్టే కంటి నరం, ఆప్టిక్ నర్వ్. గ్లకోమా దెబ్బకొట్టేది ఈ మూడో అంచెను. సీసీటీవీ కెమెరా భేషుగ్గా ఉండి, టీవీకి వెళ్లే కేబుల్ పాడైతే ఎలా ఉంటుందో ఇదీ అంతే. అందుకే అద్దాలు మార్చినా లాభం ఉండదు. రెటీనా మొత్తం స్పందనను కొలిచే మామూలు ఈఆర్‌జీ పరీక్ష కూడా చాలాకాలం నార్మల్‌గానే వస్తుంది, ఎందుకంటే ఆ పరీక్ష ప్రధానంగా వినేది మొదటి రెండు అంచెల మాట. గాంగ్లియాన్ కణాల సంగతి తేలాలంటే గళ్ల నమూనా చూపించి తీసే ప్యాటర్న్ ఈఆర్‌జీ లాంటిది కావాలి. అది అన్నిచోట్లా చేసేది కాదు.

దెబ్బ తగిలే చోటు రెటీనాలో కాదు, నరం కంటినుంచి బయటపడే గుమ్మం దగ్గర. అక్కడ సన్నటి రంధ్రాలున్న ఒక పొర ఉంటుంది, పోగులన్నీ దాంట్లోంచే దూరి వెళ్లాలి. లోపలి ఒత్తిడికి ఆ పొర వంగుతుంది, ఒరుసుకున్న పోగుల్లో పోషకాల రవాణా ఆగుతుంది, రక్తప్రసరణ కూడా కుంటుపడుతుంది. రెటీనాలో ఉన్న కణం వెంటనే చచ్చిపోదు. ముందు కొమ్మలు ముడుచుకుంటుంది, పని తగ్గించుకుంటుంది, ఆ తర్వాతే పోతుంది. బతికే ఉండి పని మానేసిన ఈ దశ కొన్ని కణాల్లోనైనా వెనక్కి మళ్లించగలిగేది. ప్రెషర్ తగ్గించాక కొందరిలో ప్యాటర్న్ ఈఆర్‌జీ మెరుగుపడటం పరిశోధకులు చూశారు. చచ్చిన కణం మాత్రం తిరిగి రాదు. ‘పోయిన చూపు రాదు’ అని డాక్టర్లు చెప్పేది దీని గురించే.

ఇక అసలు సంగతికి వద్దాం. ఈ పది పన్నెండు లక్షల కణాలు రెటీనా అంతటా సమానంగా పరుచుకుని ఉండవు. స్కూల్ పుస్తకాల్లో పచ్చచుక్క అని చదువుకున్న మాక్యులా చుట్టూ గుంపులు కట్టి ఉంటాయి. చూపు గురిపెట్టిన చోటు నుంచి అన్ని వైపులా 8 డిగ్రీల మేర తీసుకుంటే, అది రెటీనా వైశాల్యంలో 2 శాతం కూడా ఉండదు. మొత్తం గాంగ్లియాన్ కణాల్లో 30 శాతానికి పైగా ఉండేది అక్కడే. మెదడులో చూపుకు కేటాయించిన మొదటి ప్రాంతంలోనూ సగానికి పైగా ఈ చిన్న వలయానిదే.

డిగ్రీలంటే అంతుబట్టకపోతే పేపర్ మీద కొలిచి చూసుకోవచ్చు. పేపర్‌ను 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే ఒక డిగ్రీ అంటే సుమారు 7 మిల్లీమీటర్లు. ఆ 8 డిగ్రీల వలయం పేపర్ మీద దాదాపు 11 సెంటీమీటర్ల వెడల్పున పడుతుంది. చదవడం, మొహాలు పోల్చుకోవడం, సూదిలో దారం ఎక్కించడం, ఫోన్‌లో ఓటీపీ చూడటం, అన్నీ ఆ కాస్త మేరలోనే. అంత విలువైన చోట జబ్బు చివరికి గానీ అడుగుపెట్టదని అనుకోవడానికి గట్టి ఆధారం ఏనాడూ లేదు. పాత పరీక్షలు అక్కడ సరిగా వెతకలేదు, అంతే.

మాక్యులాలో కూడా అన్ని మూలలూ ఒకేలా దెబ్బతినవు. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన డొనాల్డ్ హుడ్, ఆయన సహచరులు దీని మీద చాలాకాలం పనిచేసి 2013లో ఒక స్పష్టమైన నమూనా ఇచ్చారు. మాక్యులా పోగుల్లో ఎక్కువ భాగం తిన్నగా నరం పక్క అంచుకు చేరతాయి, అక్కడ గ్లకోమా తాకిడి తక్కువ. కింది సగం మాక్యులాలో కొన్ని పోగులు మాత్రం వంపు తిరిగి నరం కింది అంచున దిగుతాయి. గ్లకోమా అన్నిటికంటే ఎక్కువగా కాటేసే చోటు సరిగ్గా అదే. రెటీనా మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి, కింది మాక్యులా పోతే కనపడకుండా పోయేది చూపుకు కాస్త పైభాగం. అందుకే తొలిదశలో చూపు గురికి ఆనుకుని పైన, విల్లులా వంగిన చిన్న గండి పడుతుంది. కింది సగం చూపు చాలాకాలం నిలుస్తుంది. నడకకు, మెట్లు దిగడానికి, పళ్లెంలో అన్నం కలుపుకోవడానికి కింది చూపే ఆధారం కాబట్టి మనిషికి లోటు తెలియదు.

అలాంటి గండి, చూపు ఎంత మేర ఉందో కొలిచే మామూలు ఫీల్డ్ టెస్టులో ఎందుకు దొరకదు? చీకటి గదిలో గిన్నె లాంటి మెషీన్ ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి, చేతికి బటన్ ఇస్తారు. ‘నేరా పారుంగ, లైట్ తెరింజా అముక్కుంగ’ అని మొదలెట్టిన టెక్నీషియన్, ఎదుట తెలుగు మనిషని గ్రహించగానే ‘ఇక్కడే చూడండమ్మా, లైట్ కనపడితే నొక్కండి’ అని మార్చేస్తారు, చెన్నైలో ఇది మామూలే. కూర్చున్నవాళ్లకు మాత్రం టెన్షన్. లైటు ఎక్కడ వెలుగుతుందా అని కళ్లు తిప్పి వెతుకుతారు, అనుమానంగా ఉన్నప్పుడల్లా నొక్కేస్తారు. మొదటి రిపోర్టు చాలాసార్లు నమ్మదగ్గదిగా ఉండదు. కదలకుండా మధ్య చుక్కనే చూడాలని, చాలా లైట్లు అసలు కనపడకపోవడం ఆ పరీక్ష తీరేనని ముందే చెబితే ఈ తంటా చాలావరకు తగ్గుతుంది.

సరిగా చేసినా పరీక్షకు ఒక పరిమితి ఉంది. మామూలుగా వాడేది 24-2 అనే నమూనా. ఇందులో 54 చోట్ల లైటు వేసి చూస్తారు, ఒక చుక్కకూ ఇంకో చుక్కకూ మధ్య 6 డిగ్రీల దూరం. మళ్లీ పేపర్ లెక్కలో చెప్పుకుంటే 4 సెంటీమీటర్ల ఎడం. చూపు గురికి అన్నిటికంటే దగ్గరి చుక్కలు నాలుగే, అవైనా గురినుంచి 3 సెంటీమీటర్ల అవతల. ఆ సందులో రెండు మూడు తెలుగు మాటలు హాయిగా పడతాయి. మధ్యచూపులో గండి ఈ చుక్కల నడుమ దాక్కుంటే రిపోర్టులో దాని జాడే ఉండదు. 10-2 అనే మరో నమూనా ఉంది. అందులో 68 చుక్కలు, అన్నీ మధ్య 10 డిగ్రీల లోపే, ఒక్కోదానికి 2 డిగ్రీల ఎడం. 24-2 బాగానే ఉందన్న కళ్లలో 10-2 చేసి చూస్తే తొలిదశ గ్లకోమా వాళ్లలో, అనుమానితుల్లో కూడా లోపాలు బయటపడ్డాయని కొలంబియా బృందమే 2017లో చూపించింది. 24-2కు మధ్యలో ఇంకో పది చుక్కలు చేర్చిన 24-2సీ కూడా కొన్ని మెషీన్లలో వచ్చింది.

రిపోర్టు చేతికొచ్చాక చాలామంది చూసేది ఎండీ అని డెసిబెల్స్‌లో వేసిన అంకె (ఆ వయసువాళ్ల మామూలు చూపుకంటే సగటున ఎంత తగ్గిందో చెప్పేది), లేదా మిగిలిన చూపును శాతంలో ఇచ్చే విఎఫ్‌ఐ. ఎండీ మైనస్ 3 ఉంటే ‘కొంచెమేలే’ అనిపిస్తుంది. 54 చుక్కల సగటు అది, ఒక్క మూలలో పడ్డ పెద్ద గండి సగటులో కరిగిపోతుంది. కళ్లు పెట్టి చూడాల్సింది కింద చిన్న చిన్న గళ్లుగా ఉండే పటాన్ని. గీతలు కలిసే కూడలికి ఆనుకుని పైన ఒక్క గడి నల్లగా ఉన్నా అది తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు. జబ్బు తీవ్రతను లెక్కగట్టే పద్ధతుల్లో కూడా మధ్య 5 డిగ్రీల లోపు దెబ్బకు విడిగా బరువుంది. సగటు ఎంత బాగున్నా, అక్కడ సున్నితత్వం, అంటే మసక లైటును పట్టే శక్తి, 15 డెసిబెల్స్ కంటే పడిపోతే దాన్ని తొలిదశ కింద లెక్కించరు.

ఇంతకీ ఆ మనిషికి ఏం కనిపిస్తుంది? నల్ల సొరంగం మాత్రం కాదు. 2013లో లండన్ సిటీ యూనివర్సిటీ పరిశోధకులు 50 మంది గ్లకోమా రోగుల ముందు రకరకాల బొమ్మలు పెట్టి, మీ చూపు వీటిలో దేనిలా ఉందని అడిగారు. నల్లటి సొరంగం బొమ్మను ఒక్కరూ ఎంచుకోలేదు. కొన్ని భాగాలు మసక అన్నవాళ్లు ఎక్కువ, కొన్ని భాగాలు లేవన్నవాళ్లు కొందరు, నాకేం తేడా తెలియట్లేదన్నవాళ్లు కూడా ఉన్నారు. పోయిన చోటును మెదడు చుట్టుపక్కల రంగుతో పూడ్చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కంటికీ నరం బయటపడే చోట ఒక అంధచుక్క ఉంటుంది, అదెప్పుడైనా నల్ల మచ్చగా కనిపించిందా? పైగా ఒక కంటి గండిని రెండో కన్ను కప్పేస్తుంది. ఆ సొరంగం బొమ్మలు ప్రచార పత్రాల నుంచి తీసేస్తే మంచిది. అలా కనిపించినప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చులే అని జనం ఎదురుచూస్తారు, అది రాదు.

చార్టులో 6/6 వచ్చే మనిషికి పేపర్ చదవడం ఎందుకు కష్టమవుతుందో కూడా ఇక్కడే తేలుతుంది. చార్టు అడిగేది ఒక్కో అక్షరాన్ని. ఎంత గండి ఉన్నా నట్టనడుమ చిటికెడు మేర బాగుంటే చాలు, అక్షరం అందులో ఇమిడిపోతుంది. చదవడం అలా కాదు. కన్ను ఒక మాట నుంచి మరో మాటకు గెంతుతూ పోతుంది, ఎక్కడికి గెంతాలో ముందే చుట్టుపక్కల చూపు చెప్పాలి. తెలుగు ఎడమనుంచి కుడికి సాగే రాత కాబట్టి గురికి కుడిపక్క గండి పడితే వచ్చే మాట ఆలస్యంగా తెలుస్తుంది, చదువు నెమ్మదిస్తుంది. కింద గండి పడితే వరస చివరికి వెళ్లి తిరిగొచ్చేటప్పుడు తర్వాతి వరస దొరకదు, చదివిందే మళ్లీ చదువుతారు. పంచాంగంలో సన్న అక్షరాల గళ్లు, మందు డబ్బా వెనక ఎక్స్‌పైరీ తేదీ, బ్యాంకు పాస్‌బుక్‌లో వెలిసిపోయిన ప్రింటు, మొదట ఇబ్బంది పెట్టేవి ఇవే. గాంగ్లియాన్ కణాలు తగ్గేకొద్దీ రంగుల మధ్య, వెలుగునీడల మధ్య తేడా పట్టే శక్తి కూడా తగ్గుతుంది కాబట్టి తెల్ల ప్లేటులో ఇడ్లీ, ఒకే బూడిదరంగులో ఉన్న స్టేషన్ మెట్లు తేడా లేకుండా కలిసిపోతాయి.

మొహాల సంగతి ఇంకా నొప్పి. మధ్య పది డిగ్రీల్లో దెబ్బ బాగా ఉన్నవాళ్లు మొహాలు పోల్చుకోవడంలో తడబడతారని పరిశోధనల్లో తేలింది. టీ నగర్‌లో ఏ కల్యాణమండపంలోనో బంధువు ఎదురుగా నిలబడితే పోల్చుకోలేక ముందుకెళ్లిపోతారు. ‘చూసి కూడా పలకరించలేదు, మద్రాసు వెళ్లి గర్వం పెరిగింది’ అన్న నిష్ఠూరం ఇంటిదాకా వస్తుంది. దాన్ని వయసు మీదో, స్వభావం మీదో తోసేస్తారు గానీ కంటి మీద అనుమానం పడదు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక కూడా ‘వెలుతురు బాగుంది గానీ చదువు మాత్రం సాగట్లేదు’ అనేవాళ్లలోనూ ఇది ఒక కారణం కావచ్చు, వెనక ఉన్న నరాన్ని చూడాల్సిన సందర్భం అది.

వెలుతురు సాయంతో రెటీనాను పొరపొరగా చూపించే ఓసీటీ స్కాన్ ఇక్కడ అక్కరకొస్తుంది. 1991లో తొలిసారి ప్రకటించిన ఈ పద్ధతి ఇప్పుడు రెటీనా పొరల మందాన్ని మైక్రాన్లలో కొలుస్తుంది. గ్లకోమాకు సాధారణంగా నరం చుట్టూ ఉండే పోగుల పొరను కొలుస్తారు. మధ్యచూపు సంగతి తెలియాలంటే మాక్యులాలో గాంగ్లియాన్ కణాల పొరను కూడా కొలవాలి, అదే మెషీన్‌లో అదే కూర్చోవడంలో అయిపోతుంది. మెషీన్ వేసే ఎరుపు, పచ్చ రంగులను మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. మైనస్ పవర్ ఎక్కువున్న కళ్లలో జబ్బు లేకపోయినా ఎరుపు పడుతుంది. చెన్నై ఐటీ ఆఫీసుల్లో మందపాటి మైనస్ అద్దాల కుర్రాళ్లు దాన్ని చూసి హడలిపోవడం ఇందుకే. అదే సమయంలో ఎక్కువ మైనస్ పవర్ గ్లకోమా ముప్పును పెంచుతుంది కూడా, కాబట్టి కొట్టిపారేసే వీలూ లేదు. ఇక జబ్బు బాగా ముదిరాక పొర ఒక మందం దగ్గర ఆగిపోతుంది, అంతకంటే తగ్గదు. అప్పుడు స్కాన్ మూగబోతుంది, 10-2 ఫీల్డే దిక్కు.

ప్రెషర్ నార్మల్ అన్న మాట కూడా అంతే మోసం చేస్తుంది. పాదరసం కొలతలో 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య ఉంటే నార్మల్ అనడం వాడుక. శంకర నేత్రాలయ చేసిన చెన్నై గ్లకోమా స్టడీలో తిరువళ్లూరు, కాంచీపురం జిల్లాల పల్లెల్లోనూ చెన్నై నగరంలోనూ 40 ఏళ్లు దాటినవాళ్లను పరీక్షించారు. కంట్లో నీరు బయటికి పోయే మూల తెరిచే ఉన్నా వచ్చే రకం, ఓపెన్ యాంగిల్ గ్లకోమా, పల్లెల్లో 1.62 శాతం మందిలో, నగరంలో 3.51 శాతం మందిలో కనిపించింది. వాళ్లలో 90 శాతానికి పైగా తమకు జబ్బుందని అప్పటిదాకా తెలియనివాళ్లే, సగానికి పైగా మందికి పరీక్షించిన రోజున ప్రెషర్ మామూలుగానే ఉంది. ఒత్తిడి తక్కువగా ఉండి వచ్చే గ్లకోమాలోనే మధ్యచూపుకు దగ్గరగా గండి పడటం ఎక్కువ. నరం అంచున సన్నటి రక్తపు చార కనిపించడం కూడా అలాంటివాళ్లలో ఎక్కువే, జబ్బు కదులుతోందనడానికి అది గుర్తు. రాత్రిళ్లు బీపీ బాగా పడిపోయేవాళ్లలో ముప్పు పెరగొచ్చన్న అనుమానం ఉంది కాబట్టి, పడుకునే ముందు బీపీ మాత్ర వేసుకునేవాళ్లు ఆ సంగతి కంటి డాక్టర్‌కు చెప్పాలి. సొంతంగా మానేయకూడదు.

ఇంకో ముప్పు మాత్రం మన చేతులారా తెచ్చుకునేది. కళ్లకలకను మద్రాస్ ఐ అని పిలిచే ఊళ్లో, కన్ను ఎర్రబడగానే మెడికల్ షాపుకెళ్లి చుక్కల మందు అడగడం పరిపాటి. షాపువాళ్లు ఇచ్చే వాటిలో కొన్నిట్లో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో ఎరుపు పోతుంది, మంచి మందని ఆ సీసా ఫ్రిజ్‌లో దాచుకుని దురద పెట్టినప్పుడల్లా వేస్తారు, పిల్లలకూ వేస్తారు. కొందరి కళ్లలో అది నొప్పి లేకుండా ప్రెషర్ పెంచేస్తుంది. నెలల తరబడి అలా సాగితే వచ్చేది అచ్చమైన గ్లకోమానే, నరానికి జరిగే నష్టంలో తేడా ఏమీ ఉండదు.

చికిత్సలో ఇప్పటికీ రుజువైన మార్గం ఒక్కటే, ప్రెషర్ తగ్గించడం. చుక్కలు, లేజర్, ఆపరేషన్, దారి ఏదైనా గమ్యం అదే. మామూలు ఒత్తిడి గ్లకోమా మీద 1998లో వచ్చిన అంతర్జాతీయ ట్రయల్‌లో ప్రెషర్‌ను 30 శాతం తగ్గించిన కళ్లలో 12 శాతం, అలా వదిలేసిన కళ్లలో 35 శాతం ముదిరాయి. స్వీడన్‌లో జరిగిన మరో ట్రయల్ లెక్కలో ఒక్కో మిల్లీమీటర్ తగ్గుదలకు ముదిరే ముప్పు సుమారు 10 శాతం తగ్గింది. మధ్యచూపు దగ్గర గండి ఉందని తేలితే ఈ లెక్కలకు అర్థం మారుతుంది. 18 చాలనుకున్న కంటికి 12, 13 దాకా దించాల్సి రావచ్చు, చుక్కలతో సరిపెట్టుకున్న చోట ఆపరేషన్ మాట రావచ్చు. బాగా ముదిరిన కళ్లలో ఆపరేషన్ తర్వాత మిగిలిన కాస్త మధ్యచూపు పోయే ప్రమాదం అరుదుగా ఉంటుంది, దాన్ని ముందే మాట్లాడుకోవాలి.

విటమిన్ బి3 రూపమైన నికోటినమైడ్ మీద ఆశలున్నాయి. ఆస్ట్రేలియాలో చేసి 2020లో ప్రచురించిన చిన్న ట్రయల్‌లో, రెటీనా లోపలి పొరల పనితీరు ఈఆర్‌జీలో కొంత మెరుగైంది. చూపు దీర్ఘకాలం నిలుస్తుందా అన్నది పెద్ద ట్రయల్స్ తేల్చాలి. ఆ ట్రయల్‌లో వాడిన మోతాదు రోజుకు 3 గ్రాముల దాకా వెళ్లింది, అంత మోతాదు కాలేయానికి పడకపోవచ్చు. ఫోన్‌లో ఫార్వర్డ్ చూసి షాపులో కొనుక్కునే సరుకు కాదది.

ఫైలు విషయం ఒకటి మిగిలింది. 24-2ను 10-2తో పోల్చలేం, ఒక కంపెనీ ఓసీటీ మందాన్ని మరో కంపెనీ ఓసీటీతోనూ పోల్చలేం. జబ్బు కదిలిందా ఆగిందా అని చెప్పగలిగేది అదే పరీక్ష పాత కాగితం పక్కన కొత్త కాగితం పెట్టినప్పుడే. మధ్యచూపులో అనుమానం ఉన్నవాళ్లకు మొదట్లోనే ఒక నమ్మదగ్గ 10-2, మాక్యులా స్కాన్ తీయించి, ఆసుపత్రి మారినా ఆ ఒరిజినల్స్ వెంట తీసుకెళ్లాలి. తోబుట్టువులు, పిల్లల్లో నలభై దాటినవాళ్లను కూడా ఒకసారి చూపించాలి, ఎందుకంటే రక్తసంబంధీకుల్లో ఈ ముప్పు మిగతావాళ్లకంటే బాగా ఎక్కువ. వాళ్ల ప్రెషర్ నార్మల్ అని తేలినా నరాన్ని చూడకుండా పంపేస్తే ఆ పరీక్ష పూర్తయినట్టు కాదు.